అడేరో మెడలో చెక్కబిళ్ళ

శుక్రవారం పొద్దున్నే అపోండి ఒక చేత్తో మందాజీ బూరెలు వేయిస్తూ, ఇంకో చేత్తో కూతురి నోటుబుక్కు పట్టుకుని చదువుతోంది. రెండో పేజీకి వచ్చేసరికి మూకుడు దించేసింది.

టీచరు ట్రైనింగు చదువుతున్న అవినో, ఆ వారం నాలుగు రోజులు ఏడో తరగతి వెనక బెంచీలో కూర్చుని చూసిందంతా రాసుకుంది. ఆ క్లాసు టీచరు సంతకంతో ఆ రోజే కాలేజీకి పంపాలి. లేకపోతే ఏడాది వృథా. ఆ టీచరు సొంత తల్లే కావడం అదృష్టమనుకుంది పాపం.

“ఏంటే ఇది? కన్నతల్లి మీద పితూరీ రాస్తావా?”

“పితూరీ కాదమ్మా. చూసిందే రాశాను.”

చూసింది ఇదీ. సోమవారం సైన్సు క్లాసులో అపోండి, నీళ్ళలో పుట్టి నేలమీదా బతికేది ఏమిటని ఇంగ్లీషులో అడిగింది. అడేరో అనే పిల్ల ఎగిరి చెయ్యెత్తి, ఇంగ్లీషు మాట అందక “ఒగ్వాల్” అనేసింది. కప్ప అని అర్థం. జవాబు సరైనదే, కాకపోతే ఇళ్ళల్లో మాట్లాడుకునే లువో భాష మాట. బళ్ళో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదు. క్లాసంతా ఘొల్లుమంది. అపోండి సొరుగులోంచి తాడు కట్టిన చెక్కబిళ్ళ తీసి ఆ పిల్ల మెడలో వేసింది. లువో మాట్లాడిన ఇంకొకరిని పట్టిచ్చేదాకా బిళ్ళ మెడలో ఉండాలి, సాయంత్రం మరుగుదొడ్లు కడగాలి. అడేరో ఎవర్నీ పట్టివ్వలేదు. నాలుగు రోజులూ కడిగింది. మళ్ళీ చెయ్యెత్తలేదు.

“ఆ పేజీ చింపు. సంతకం పెడతా.”

“చింపను.”

“ఓహో! నాలుగు రోజులు బెంచీ అరగదీసి నాకే పాఠాలు చెప్పొచ్చింది మహాతల్లి! ఇంగ్లీషు రాకపోతే అది పరీక్షెట్లా రాస్తుందే? చిన్నప్పుడు నేను మొయ్యలేదా ఆ బిళ్ళ? మోశాను కాబట్టే టీచర్నయ్యాను, నీకింత తిండి పెట్టాను!”

ఈ కేకలన్నీ లువోలోనే. ఆ సంగతి ఆవిడకి తట్టనే లేదు.

“క్లాసంతా నవ్విందని రాశావు సరే,” అపోండి గొంతు తగ్గించింది. “మరి నువ్వో? వెనక బెంచీ నాకు కనపడదనుకున్నావా?”

నిజమే, ఆ రోజు అవినో కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అడేరో వెనక్కి తిరిగి చూసింది కూడా. అది తలుచుకుని అవినోకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కలం తీసి, పేజీ అడుగున “నేనూ నవ్వాను” అని రాసి తల్లి ముందు పెట్టింది.

అపోండి ఆ ముక్కనే చూస్తూ పీటమీద కూలబడింది.

“నేను మొయ్యలేదే. అబద్ధం చెప్పాను. నా మెడలో బిళ్ళ వేసిన రోజు మధ్యాహ్నమే మీ పిన్ని అచోలాని పట్టిచ్చేశాను. ‘అక్కా, ఆకలేస్తోంది’ అంది నాతో లువోలో. అంతే అంది. మర్నాటినుంచి బడికి రానని మొండికేసింది. ఇవాళ్టికీ చేపలమ్ముకుంటోంది. మనింటికి ఎప్పుడొచ్చినా నాకోసం మంచి చేప దాచి తెస్తుందే!”

వెక్కి వెక్కి ఏడ్చింది. అవినో పక్కన కూర్చుని తల్లిని దగ్గరికి తీసుకుంది. కాసేపటికి అపోండి కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టింది.

“పద. అడేరో మెడలోంచి నా చేత్తోనే తీస్తా.”

“హెడ్మాస్టరు ఊరుకోడమ్మా.”

“ఊరుకోకపోతే నా మెడలో వెయ్యమను. అచోలా మెడలో పడింది నా బిళ్ళే కదా.”