ఊ కొట్టే మనిషి

గోగులంక శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం ఆ రోజుతో ఆఖరు. హాలు నిండా పిల్లలున్నారు, చిన్న చప్పుడు కూడా లేదు. ఈ మూల ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ మూల ఓ పిల్ల "అమ్మో!" అని గుండె మీద చెయ్యేసుకుంది. వాడెందుకు నవ్వాడో, ఆ పిల్ల దేనికి హడలిందో పక్కవాళ్ళకు తెలియదు. ఎవరి చెవిలో పూస వాళ్ళది, ఎవరి కథ వాళ్ళది.

చెవిపూస రేగుగింజంత ఉంటుంది. అన్నప్రాశన అయిన మర్నాడే చెవికి తొడిగేస్తారు. కథలూ పాఠాలూ కబుర్లూ అన్నీ అదే చెబుతుంది. చెబుతూనే వినేవాళ్ళ నాడి చూస్తుంది, ఊపిరి చూస్తుంది, కంట్లో తడి కనిపెడుతుంది. మనసు నొచ్చుకునే చోట ఒక గీత ఉంటుందట, దానికి శాస్త్రజ్ఞులు శోకరేఖ అని పేరు పెట్టారు. కథ ఆ రేఖ దగ్గరికి వచ్చేసరికి పూస చటుక్కున దారి మళ్ళిస్తుంది. తప్పిపోయిన లేడిపిల్లకు తల్లి కనబడిపోతుంది, నూతిలో పడ్డవాడికి తాడు దొరికిపోతుంది. దెబ్బ తగిలితే తప్ప ఏడవడం తెలియని పిల్లలు తయారయ్యారు. మంచిదే కదా అన్నారందరూ. మంచిదే, ఎవరు కాదన్నారు!

కథలకు పనికొచ్చింది బతుక్కు పనికిరాదా అని, తర్వాత మృదువార్త అనే ఏర్పాటు వచ్చింది. ఎవరికైనా చేదు కబురు చెప్పాలంటే నోరు తెరవనక్కర్లేదు, పూసకు అప్పజెబితే చాలు. అది మెల్లగా, సమయం చూసి, నాలుగు రోజులో పది రోజులో తీసుకుని నొప్పి తెలియకుండా చెవిలో వేస్తుంది. ఉద్యోగం పోయినా, సంబంధం తప్పినా, మనిషి పోయినా అంతే. ఎదురుగా నిలబడి "ఫలానావాళ్ళు పోయారు" అనడం ఇప్పుడు ఊళ్ళో మోటుతనం కింద లెక్క.

ఆ గ్రంథాలయాన్ని చూసుకునే రత్నమాణిక్యం గారు నాయనమ్మ పేరు పెట్టుకున్న ఆఖరి తరం మనిషి. పూసలు రాకముందు పుట్టింది. కథలో లేడిపిల్ల చచ్చిపోతే అన్నం మానేసి ఏడ్చిన పిల్ల ఆవిడ. శిబిరంలో ఆవిడ చేతుల్లో ఉన్నది కొంచెమే. పొద్దుట పూసకథలు పై నుంచి వస్తాయి. మధ్యాహ్నం తాటాకు బొమ్మలు, శనివారం ఊరందరికీ పాటల పోటీ, అద్దాల బీరువాల్లో కాగితం పుస్తకాల ప్రదర్శన, ఇవీ ఆవిడ పెట్టేవి. వీటన్నిటికంటే ఆవిడ పట్టుబట్టి నిలబెట్టింది మాత్రం ఆఖరి రోజు అప్పగింత.

అప్పగింత అంటే, పిల్లలందరూ పూసలు తీసి వెదురు తట్టలో వేయాలి. పెద్దవాళ్ళూ వేయాలి. ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని, శిబిరంలో తాము విన్న కథను నోటితో చెప్పాలి. వినేవాళ్ళు ప్రతి మాటకీ ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది, కథ ముగియకపోతే పిల్ల ఇంటికి కదలకూడదు. "ఇదేం చాదస్తమండీ, మేడంగారూ," అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు సణుగుతారు. తర్వాత పెట్టే పనసతొనలకూ పూతరేకులకూ ఆశపడి కూర్చుంటారు. నిద్రమొహాలతో ఊ కొట్టే నాన్నలను చూస్తే రత్నమాణిక్యం గారికి నవ్వొస్తుంది. ఈ ఏడు మాత్రం ఆవిడకు నవ్వు రావడం లేదు.

కిటికీ పక్కన ఇహిత కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల. రేవుకేసి చూస్తూ కాళ్ళాడిస్తోంది.

ఇహిత తల్లి సువర్చల చిన్నప్పుడు ఈ శిబిరంలోనే పెరిగింది. ఒక ఏడు ఇంటివాళ్ళు రావడం ఆలస్యమైతే రత్నమాణిక్యం గారికే కథ అప్పగించింది. మధ్యలో ఈవిడ బీరువా తాళం కోసం అటు తిరిగితే, "ఊ కొట్టండి, మేడంగారూ! లేకపోతే చెప్పనంతే," అని మూతి ముడుచుకుంది. అంతటి గట్టిపిండం. ఈ ఏడు శిబిరం మొదలైన రోజున కూతుర్ని దింపి, "ఆఖరి రోజు నేనే వస్తానే. ఊ నేనే కొడతా, మీ నాన్నని రానివ్వకు," అని గుమ్మంలో నిలబడి చెప్పింది. మూడో రోజున జ్వరంతో పట్నం ఆస్పత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. దహనమూ అక్కడే అయిపోయింది. ఈ కాలంలో పిల్లల్ని అలాంటి చోట్లకు తీసుకుపోరు, ఇహిత ఇక్కడే తాటాకు చిలకలు అల్లుకుంటూ ఉంది.

తండ్రి రిత్విక్ కబురును మృదువార్తకు అప్పజెప్పాడని ఊరందరికీ తెలుసు. ఇహిత ఏడవలేదు, బెంగపెట్టుకోలేదు, పెట్టినంతా తింది. "ఎంత గట్టి పిల్లండీ!" అని ఊరు ముక్కున వేలేసుకుంది. రత్నమాణిక్యం గారు మాత్రం ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా ఇబ్బందిపడింది. రెండు మూడు సార్లు దగ్గర కూర్చోబెట్టుకుని ఎలా ఉన్నావమ్మా అని అడిగింది. బాగున్నానండీ అంది పిల్ల. అంతకు మించి అడగడానికి ఈవిడకూ నోరు రాలేదు. ఆ మాట నోటితో అనే అలవాటు ఈవిడకు మాత్రం ఎక్కడ మిగిలింది?

గంట కొట్టారు. తట్ట తిరిగింది, పూసలు టపటపా పడ్డాయి. ఒక్కసారిగా హాలంతా గోలగోల అయిపోయింది. రిత్విక్ వచ్చి కూతురి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"చెప్పు నాన్నా," అన్నాడు.

"నీక్కాదు," అంది ఇహిత. "అమ్మకి."

పక్క చాపల మీద ఊ కొడుతున్నవాళ్ళు ఆగిపోయారు. బాధలో అంటోంది పాపం అనుకుని రత్నమాణిక్యం గారు గబగబా వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మకి చెప్పాలనుందా తల్లీ?"

"ఆయ్, అమ్మే వస్తానందిగా, మేడంగారూ. వచ్చేస్తోంది. రేవు దాకా వచ్చేసిందంట, గొడుగు మర్చిపోయిందని మళ్ళీ ఎనక్కెళ్ళింది. ఇప్పుడే పూస చెప్పింది."

రత్నమాణిక్యం గారు ముందుకు వంగింది. "నిన్నేం చెప్పిందమ్మా?"

"నిన్న కూడా వచ్చేసిందండీ! లాంచీ ఎక్కబోతుంటే చెప్పు తెగిందంట." ఇహిత నవ్వింది. "మొన్నేమో దారిలో ఎవరో ముసలమ్మగారు సాయమడిగారంట. అమ్మ సంగతి మీకు తెల్సుగా, ఎవరడిగినా ఆగిపోద్ది. రోజూ వస్తానే ఉందండీ. ఇయ్యాల ఆఖరి రోజు కదా, ఇంక ఆగదు."

పూస తన పని తాను చేసింది. కబురు చెప్పమన్నారు, చెప్పడానికి రోజూ బయల్దేరింది. ఏడిపించకూడదన్నారు, శోకరేఖ రాగానే రోజూ పక్కకు తిప్పింది. పెద్దవాళ్ళ రేఖలో కాస్త సందుంటుంది, పూస ఎలాగో దూరిపోతుంది. పిల్లల రేఖను మరీ దగ్గరగా గీశారు. తల్లి చావు పట్టేంత సందు అందులో లేదు. సువర్చల బూడిదై ఇన్నాళ్ళయినా కూతురి చెవిలో మాత్రం గొడుగు కోసం తిరుగుతూనే ఉంది.

రత్నమాణిక్యం గారు రిత్విక్‌ను బీరువాల వెనక్కి లాక్కుపోయింది. "పిల్లకి నువ్వు నోటితో చెప్పలేదా?"

"పూసకిచ్చానండీ." రిత్విక్ బీరువాకు చేరగిలబడ్డాడు. "చెప్పేసిందనుకున్నా. పిల్ల ఏడవలేదు, నన్నేమీ అడగలేదు. నాకంటే గట్టిదనుకున్నానండీ. తల్లి పేరెత్తితే మళ్ళీ కెలికినట్టవుద్దని నేనూ ఎత్తలేదు."

"నీ దుంపతెగ, కన్నతండ్రివి కదయ్యా!"

"ఎలా చెప్పాలండీ? మా నాన్న పోయినప్పుడు నాకూ పూసే చెప్పింది. ఎవరైనా చెప్తుంటే వింటే కదా నాకొచ్చేది! సువర్చల పోయిందని... ఇప్పటిదాకా ఆ మాట నేను పైకి అన్లేదండీ. మీరు చెప్పండి, మేడంగారూ. మీకు పాత కథలు తెలుసు. మీ కాళ్ళు పట్టుకుంటా."

తిట్టాలనుకున్న తిట్లన్నీ ఆవిడ గొంతులోనే ఉండిపోయాయి. అతను కూడా ఈ హాల్లో కాళ్ళాడించుకుంటూ కూర్చున్న పిల్లాడే. ఆవిడకు భయం వేసింది. వెళ్ళి ఇహిత ఎదురుగా చాప మీద చతికిలబడి, రెండు చేతులూ పట్టుకుంది.

"పూస నీకు మీ అమ్మ కథ ఆఖరిదాకా చెప్పలేదే తల్లీ. నేను చెప్తాను. ఊ కొడతావా?"

"ఊ," అంది ఇహిత, రేవుకేసి ఒకసారి చూసి.

"మీ అమ్మకి జ్వరమొచ్చింది."

"ఊ."

"పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పెద్ద డాక్టర్లు చూశారు. మందులిచ్చారు."

"ఊ."

"జ్వరం తగ్గలేదు. మీ అమ్మ నీ పేరే తలుచుకుంది."

"ఊ."

"మీ అమ్మ చచ్చిపోయింది, ఇహితా."

పిల్ల ఊ అనలేదు. ఎదురు చూసింది. కథ ఇక్కడ మళ్ళుతుందని ఆ పిల్లకు తెలుసు, పుట్టిన దగ్గర్నుంచీ అంతే. రత్నమాణిక్యం గారు మాట్లాడకపోయేసరికి చేతులు పట్టి కుదిపింది.

"మళ్ళించండి," అంది.

"ఇది మళ్ళదమ్మా."

"మళ్ళించండి, మేడంగారూ! అమ్మ గొడుగు తెచ్చుకుంటంది. మీకు తెలీదు. మళ్ళించండి!"

"మళ్ళదు తల్లీ. నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మీ అమ్మ ఇంక రాదు."

అప్పుడు ఏడ్చింది ఇహిత. ఆ ఏడుపు హాల్లో ఉన్న పిల్లలెవరూ ఎన్నడూ విన్నది కాదు, వాళ్ళు గోడలకు అతుక్కుపోయారు. ఒక పిల్ల తట్ట దగ్గరికి పరుగెత్తి, దొరికిన పూస ఏదో తెచ్చి, "పెట్టుకో ఇహితా, తగ్గిపోద్ది," అని చెవి దగ్గరికి చాపింది. ఇహిత ఆ చేతిని తోసేసింది. రత్నమాణిక్యం గారు పిల్లను ఒళ్ళోకి లాక్కుని తనూ ఏడ్చింది. సువర్చల కోసం ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. పూతరేకులు ముట్టినవాళ్ళు లేరు. తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి ఇహిత వెక్కిళ్ళు కొంచెం సద్దుమణిగాయి. తట్టలో మిగిలినవి రెండే పూసలు, తండ్రిదీ కూతురిదీ. పిల్ల తన పూసను అరచేతిలో పెట్టుకుని చూసింది.

"మేడంగారూ, ఇందులో అమ్మ ఇంకా గొడుగు ఎతుకుతానే ఉందా?"

"ఉంటుందమ్మా."

"తను చచ్చిపోయిందని ఆ అమ్మకి ఎవరు చెప్తారండీ?"

రత్నమాణిక్యం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇహిత ఇంకాసేపు చూసి పూసను జాగ్రత్తగా తట్టలో వేసింది. లేచి వెళ్ళి, బీరువాకు చేరగిలబడి ఉన్న తండ్రి ఎదురుగా కూర్చుంది.

"కథ అప్పగించకపోతే ఇంటికి ఎళ్ళకూడదుగా," అంది. "నీకే చెప్తా. ఊ కొట్టు."

రిత్విక్ తల ఊపాడు.

"తల కాదు. ఊ కొట్టాలి."

"ఊ."

"అమ్మకి జ్వరమొచ్చింది."

"ఊ."

"పట్నం తీసుకెళ్ళారు. డాక్టర్లు మందులిచ్చారు. తగ్గలేదు."

"ఊ."

"అమ్మ లాంచీ ఎక్కలేదు. చెప్పు తెగలేదు. ముసలమ్మగారు కూడా లేరు."

"ఊ."

"అమ్మ చచ్చిపోయింది."

రిత్విక్ చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు. ఇహిత కళ్ళు తుడుచుకుని ఓపిగ్గా చూస్తోంది, అచ్చం సువర్చల లాగే మూతి ముడుచుకుని.

"ఊ కొట్టు నాన్నా. లేకపోతే చెప్పనంతే."

అతను నేల మీదికి వంగిపోయాడు. వచ్చింది ఊ కాదు, ఏడుపు. తండ్రి పోయినప్పుడు రాని ఏడుపు, పెళ్ళాం పోయినప్పుడు రాని ఏడుపు, ముప్ఫై ఏళ్ళ పైబడి ఆ పూస వెనక్కి తిప్పుతూ వచ్చిందంతా ఒక్కసారే వచ్చింది. ఇహిత బెదిరిపోయి రత్నమాణిక్యం గారికేసి చూసింది. ఆవిడ "పర్లేదు, ఉండు," అన్నట్టు చెయ్యి చూపింది. పిల్ల కదలకుండా కూర్చుంది, కథ వదిలిపెట్టలేదు.

చాలాసేపటికి అతని గొంతులోంచి ఊ అని వినబడింది.

ఇహిత ఊపిరి పీల్చుకుని, తండ్రి చొక్కా గుండీలు ఊడదీసి సరిగ్గా పెడుతూ, తర్వాతి మాట చెప్పింది.

"నాన్నా నేనూ ఇంటికెళ్ళాం."

"ఊ," అన్నాడు రిత్విక్.