పెట్టుడు మందు

టైడా రైల్వే క్వార్టర్సులో తెల్లవారుతూనే తవిటమ్మ పొయ్యి ముట్టించి ఆముదపాకు వెచ్చచేసింది. గ్యాంగు మేస్త్రీ అయిన ఆమె మొగుడు పైడయ్య కుడికాలి బొటనవేలు ఎర్రగా పొంగిపోయింది. దుప్పటి అంచు తగిలినా విలవిల్లాడుతున్నాడు. రెండేళ్లలో ఇది ఐదోసారి.

"యర్రమ్మ పెట్టిన కూడు ఇంకా పీడిత్తంది నిన్ను," అంది తవిటమ్మ. పైడయ్య గోడవైపు తిరిగాడు.

యర్రమ్మ ఆమె సొంత చెల్లెలు. అరకులో ఉంటుంది. రెండేళ్ల క్రితం ఆమె ఇంట్లో భోంచేసి వచ్చిన మర్నాడే పైడయ్య కాలు మొదటిసారి వాచింది. "కూరలో ఏటో కలిపినట్టుంది" అన్నాడతను. మనిషిని లొంగదీసుకోవడానికి తిండిలో కలిపే పెట్టుడు మందన్న పుకారు క్వార్టర్సంతా పాకింది. తవిటమ్మ మళ్లీ చెల్లెలి గడప తొక్కలేదు. తన చేతుల మీద పెరిగిన చెల్లెలి కూతురు సోములమ్మ పెళ్లికి పిలవడానికి యర్రమ్మ వాళ్లు వస్తే తలుపు కూడా తీయలేదు.

ఇన్నాళ్లూ పైడయ్య డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లేవాడు. ఈసారి అడుగు వేయలేకపోవడంతో ఆమె భుజం పట్టుకుని బండెక్కాడు.

అరకులో రైల్వే డాక్టరు వేలు చూసి నిట్టూర్చాడు.

"పెట్టుడు మందుకి ఇరుగుడుందా బాబూ?" అడిగింది తవిటమ్మ.

"మందేమిటమ్మా? ఇది గౌట్. ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై, కీలులో సన్నటి సూదుల్లా పేరుకుంటుంది. రక్తపరీక్షలో తేలింది. తాగుడు, మాంసం మానమని, రోజూ మాత్ర వేసుకోమని రెండేళ్ల క్రితమే చెప్పాను. మీ ఆయన చెప్పలేదా?"

తవిటమ్మ మొగుడి వైపు చూసింది. డాక్టరు వాపు తగ్గడానికి వేరే మాత్రలు రాసి, నీళ్లు బాగా తాగమన్నాడు.

బయటికొచ్చాక ఆమె గొంతు పెంచలేదు.

"తాగనని నా నెత్తిమీద సెయ్యేసి ఒట్టేసినావు."

"మానలేకపోయినాను. నిజం సెప్తే నువ్వొగ్గేసి పోతావని భయమేసింది. నోటికొచ్చింది అనేసినాను. నువ్వు నమ్మేసినావు. మళ్లీ ఎనక్కి తీసుకోలేకపోయినాను."

"నడు. మా సెల్లెలింటికి."

"ఈ కాలితోనా?"

"ఈ కాలితోనే."

అర మైలు నడవడానికి గంట పట్టింది. యర్రమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. వాళ్లను చూసి లేచి నిలబడింది, రమ్మనలేదు.

"నీ కూడు వల్ల కాదమ్మా, నా తాగుడు వల్ల. నాను అబద్ధమాడినాను," అన్నాడు పైడయ్య, గోడ పట్టుకుని.

యర్రమ్మ అతనికేసి చూడకుండా అక్క వైపు తిరిగింది.

"బావ అబద్ధమాడినాడు. అవనీ. నువ్వెలా నమ్మినావప్పా? సిన్నప్పటి నుంచీ నన్ను ఎరిగినదానివి కదా. ఒక్కసారి నన్ను అడగాలనిపించనేదా?"

దారంతా మొగుడి మీద రగులుతున్న కోపం ఆ మాటతో తవిటమ్మలో చల్లారిపోయింది. ఇంతసేపూ మోసపోయింది తనొక్కతే అనుకుంది. రెండేళ్లుగా తానే చెల్లెలికి అన్యాయం చేస్తోందని ఇప్పుడు తెలిసింది. గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి యర్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"సోములుకి నెలలు నిండినాయి. రేపో మాపో పురుడు. పెద్దమ్మ రాదా అని రోజూ అడుగుతాది."

తవిటమ్మ కళ్లు తుడుచుకుని, మందుల పొట్లం పైడయ్య చేతిలో పెట్టింది.

"సాయంత్రం బండికి నువ్వెల్లు. మాత్రలు మానకు. నాను పురుడయ్యాక వొత్తాను. అప్పటికి నీకాడ కల్లు వాసన రాకూడదు."

పైడయ్య తలూపాడు. ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.