లంకకు చేరని పేజీ

చినబాబును గోదావరి మింగలేదు. మీరు మింగారు.

మిమ్మల్నే అంటున్నాను. రాజమండ్రి నదీ సమాచార కేంద్రంలో ఏసీ కింద కూర్చుని, వరద వెబ్‌సైట్ హోమ్ పేజీలో ఎవరి ఫోటో ఎవరి పక్కన ఉండాలో మీటింగుల మీద మీటింగులు పెట్టిన పెద్దమనుషుల్ని. ఆ సైటు చూసుకునే వెబ్‌మాస్టర్ చినబాబు మీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చాడు? పేజీ బరువెక్కిపోయిందండీ, నది మధ్య లంకల్లో తెరుచుకోవడం లేదండీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నాడు? "మా ఆఫీసులో టక్కున వస్తోంది కదయ్యా" అని పంపేశారు. రాక ఏం చేస్తుంది? సర్వర్ మీ పక్క గదిలోనే ఉంది.

చివరిసారి ఆయన వచ్చి, పేజీని బయటివాళ్ళెవరో ఆపుతున్నారని చెప్పాడు. మీరు నవ్వారు. ఆ మర్నాడు కొవ్వూరు రేవులో శవం తేలింది. కాలు జారిందని పోలీసులు రాశారు. కాలు జారినవాడికి తల వెనక దెబ్బ ఎలా తగిలిందో మాత్రం రాయలేదు.

అది రెండు వేల ఏడు ఆగస్టు. పైన వానలు విడవడం లేదు. గోదావరి ఎర్రగా, చప్పుడు లేకుండా లేస్తోంది.

గోదావరి స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో ఒక పెద్దావిడ కూర్చుని లేసు అల్లుతోంది. నరసాపురం వెళ్ళే పాసింజరు కోసం చూస్తోందనుకున్నారు అందరూ. ఆమె పేరు సూర్యావతి. ఢిల్లీలో బోర్డు కూడా లేని ఒక ఆఫీసుకు చీఫ్. పక్కన వచ్చి కూర్చున్న మనిషి భీమరాజు, ఆమె ఏజెంట్. భీమవరం వాడు.

"ముఠా పేరు, మేడమ్?"

"నార్‌డెల్టా. పైకి విదేశీ కన్సల్టెన్సీ. లోపల మన నదుల మీద కన్ను." సూది ఆగలేదు.

"ఏం కావాలి వాళ్ళకి?"

"ఆనకట్ట గేట్లు ఎప్పుడు ఎత్తుతాం, ఎంత నీళ్ళు వదులుతాం, ఆ డేటా మొత్తం వాళ్ళ దేశంలో సర్వర్‌లో ఉండాలి. కాంట్రాక్టు టైపు చేసి సిద్ధంగా ఉంది. మన సైటు ఒక్క వరదలో ఫెయిలైతే చాలు, సంతకం పడిపోతుంది."

"ఈ వరదలో."

"ఈ వరదలోనే. రేపు సాయంత్రానికి ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక. మొదటి హెచ్చరికకి లంకల్లో ఎవరూ కదలరు, నీకు తెలుసు. రెండోది పడితేనే గేదెల్ని విప్పి పడవెక్కుతారు. ఆ నీటిమట్టం నంబర్ వాళ్ళకి అందకూడదు. అదీ ప్లాన్."

"మనుషులు పోతారు కదండీ."

"పోతేనే కదా రాజూ, సంతకం పడేది."

బయట గూడ్సు బండి బ్రిడ్జి ఎక్కింది. చప్పుడు తగ్గాక సూర్యావతి అంది.

"రాజమండ్రి కేంద్రం లోపల మన మనిషి ఒకామె ఉంది. కీర్తిప్రియ. నార్‌డెల్టా జీతం తీసుకుంటూ మనకి పనిచేస్తోంది. కోడ్ వర్డ్, 'కోటిపల్లి రేవులో పంటు నడుస్తోందా?' జవాబు, 'ఇంజన్ తడిసిందండి.'"

"నమ్మొచ్చా?"

"చినబాబు నమ్మాడు" అంది సూర్యావతి. ఒక ఫోన్ నంబర్ చెప్పింది. తాటితోపు లంకలో ఇంటర్నెట్ కియోస్క్ నడిపే అప్పాయమ్మది. పేజీ రావడం లేదని చినబాబుకు మొట్టమొదట ఫిర్యాదు చేసిన మనిషి ఆమే.

ఆ రాత్రి భీమరాజు కొవ్వూరులో లాడ్జిలో దిగాడు. తెల్లారాక లాప్‌టాప్‌కు సెల్‌ఫోన్ తగిలించి వరద పేజీ కొట్టాడు. ముందు "సుస్వాగతం" అని అక్షరాలు ఎర్రగా పాకుతూ వెళ్ళాయి, వెనక సన్నాయి పాట ముక్కలు ముక్కలుగా మోగింది. తర్వాత ఒక ఫోటో, పైనుంచి కిందికి, చాప విప్పినట్టు. సైటు ప్రారంభోత్సవం అది. కత్తెర పట్టుకున్న చెయ్యి వచ్చేసరికి టీ వచ్చింది. ముఖం వచ్చేసరికి టీ చల్లారింది. కెమెరాలో తీసింది తీసినట్టే ఎక్కించారు. గోడంత ఫోటోని అగ్గిపెట్టె అంత చేసి చూపిస్తున్నారు, బరువు మాత్రం గోడంతే. అలాంటివి పేజీ నిండా.

వాటి కింద, ఇంతమంది దర్శించారు అని చూపించే విజిటర్ కౌంటర్. అక్కడ పేజీ ఆగిపోయింది. నీటిమట్టం కౌంటర్‌కి కింద ఉంది. కౌంటర్ జవాబు చెప్పేదాకా బ్రౌజర్ కిందికి దిగదు. జవాబు ఎక్కడినుంచి రావాలి? స్క్రీన్ అడుగున ఒక విదేశీ అడ్రస్ కనిపిస్తోంది. దానికోసం ఎదురు చూస్తోందట పేజీ.

భీమరాజు కిటికీలోంచి చూశాడు. రేవులో నిన్నటి మెట్లు ఇవాళ లేవు.

మధ్యాహ్నానికి అతను ఖాకీ చొక్కా, చేతిలో డిస్టిల్డ్ వాటర్ క్యాను, జేబులో స్పానర్లతో నదీ సమాచార కేంద్రంలోకి నడిచాడు. యూపీఎస్ బ్యాటరీల్లో నీళ్ళు పోసే మనిషిని ఏ ఆఫీసులోనూ ఎవరూ తలెత్తి చూడరు. చేతిలో మల్టీమీటర్ కూడా ఉంది. దాని లోపల ఏముందో చూస్తే కరెంటు పనివాడు జడుసుకుంటాడు. ఆఫీసులోంచి ఏ మూలకి ఏ డేటా వెళ్తోందో, ఎక్కడినుంచి వస్తోందో మొత్తం అందులో పడుతుంది.

"ఏమయ్యా బ్యాటరీ, ఇన్నాళ్ళకి తీరిందా?" అన్నాడు గణేష్‌బాబు. ఆ కేంద్రానికి ఇంజనీరు, పెద్ద ఆఫీసరు. "మొన్న కరెంటు పోతే ఇది రెండు నిమిషాలు కూడా నిలబడలేదు."

"ఇప్పుడు నిలబడుతుందండి."

గణేష్‌బాబు పక్కన, కన్సల్టెంటుగా వచ్చిన ఒకామె కూర్చుంది. బూడిదరంగు సిల్కు చీర, నల్ల కళ్ళజోడు జుట్టు మీదికి నెట్టుకుని, గోళ్ళకి వానలో తడిసినా చెదరని ఎరుపు. కీర్తిప్రియ. ఆమె నవ్వితే ఆ గదిలో గుమాస్తాలు కీబోర్డు మీద తప్పులు కొడుతున్నారు.

గణేష్‌బాబు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే భీమరాజు బ్యాటరీ మూత విప్పుతూ అన్నాడు. "కోటిపల్లి రేవులో పంటు నడుస్తోందాండీ?"

"ఇంజన్ తడిసిందండి" అందామె, తల తిప్పకుండా. తర్వాత గొంతు తగ్గించింది. "సర్వర్‌లో వైరస్ పెట్టారు. సాయంత్రం అయిదుకి సర్వర్ రూమ్‌కి రండి. మొత్తం ఆపి, తుడిచి, మళ్ళీ ఎక్కిద్దాం."

"పేజీ బయట స్లోగా ఉందంటున్నారు."

"లంకల్లో లైన్లు బాగోవండి. నేను ఉంటున్నది నది అవతల కొవ్వూరు లాడ్జిలో. నా ఫోన్‌లో చూస్తాను, టక్కున వస్తుంది."

భీమరాజు బ్యాటరీలో నీళ్ళు పోయడం ఆపలేదు. కొవ్వూరులో తనకి ఆ పేజీ రాలేదు. ఇక్కడ మాత్రం ఆ విదేశీ అడ్రస్ టక్కున జవాబిస్తోందని మల్టీమీటర్ చూపిస్తోంది. కౌంటర్ ఎవరికి జవాబివ్వాలో ఆ విదేశీ సర్వరే తేలుస్తోంది. ఆఫీసుకు ఇస్తుంది, అనుమానం రాకుండా. తమ మనుషులకు ఇస్తుంది. మిగతా డెల్టా మొత్తాన్ని నిలబెట్టేస్తుంది.

చినబాబు ఎవరిని నమ్మి చచ్చిపోయాడో అతనికి అర్థమైంది.

అతను మెట్ల కిందికి వెళ్ళి అప్పాయమ్మకు ఫోన్ చేశాడు. లైన్లో వాన హోరు.

"రాలేదండి బాబూ. తిరుగుతానే ఉంది. గోడ మీద పలకలో, నిన్న ఒక్కసారి పేజీ వచ్చినప్పుడు రాసిన నంబరే ఉంది. దాన్ని చూసి మావోళ్ళు ఇంకా టైముందంటన్నారు."

"నేను చెబుతున్నానమ్మా, ఇంకో గంటలో రెండో హెచ్చరిక పడుతుంది. బయల్దేరదీయండి."

"మీరెవరండీ?"

"పేరు చెప్పలేనమ్మా."

"ఏమీ అనుకోకండి. కిందటేడు ఎవడో ఇలాగే ఫోన్ చేసి వరదొచ్చేత్తందన్నాడు. ఊరంతా గట్టుకెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి తోటల్లో ఒక్క కొబ్బరికాయ లేదు, మొత్తం దింపుకుపోయారు. అప్పట్నుంచీ పేజీలో కనపడితేనే కదులుతాం. మా పెద్దోళ్ళు ఒట్టేసుకున్నారండి."

"మీరు నమ్ముతున్నారా?"

"నేను నమ్మితే ఏం లాభమండీ? మా మావగారు మంచం దిగనంటన్నాడు." ఆమె గొంతు సన్నబడింది. "బాబూ, రేవులో పడవ తాడు మునిగింది. అది తెగితే ఇంక పడవ లేదండి మాకు."

అయిదు కొట్టింది. సర్వర్ రూమ్‌కి కిటికీలు లేవు. తలుపు వెనక మూతపడింది.

"రీబూట్ చెయ్యను" అన్నాడు భీమరాజు. "ఇప్పుడు సర్వర్ ఆపితే మళ్ళీ లేచేసరికి రెండో హెచ్చరిక దాటిపోతుంది. మీకు కావాల్సింది అదే."

కీర్తిప్రియ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. మొహంలో నవ్వు అలాగే ఉంది.

"చినబాబు కూడా సరిగ్గా మీరు నిలబడ్డ చోటే నిలబడ్డాడండి. మంచివాడు. మీలాగే ఎక్కువ ఆలోచించాడు."

"లంకలో పిల్లలున్నారు."

"ప్రతి కాంట్రాక్టుకీ ఒక కారణం కావాలండీ."

భీమరాజు చెయ్యి వెనక గోడ మీద మెయిన్ స్విచ్‌ని పట్టుకుంది. కిందికి లాగాడు. గది చీకటైంది. సర్వర్ మాత్రం ఆగలేదు, పచ్చ దీపాలు మిణుకుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం నీళ్ళు పోసిన బ్యాటరీలు పని చేస్తున్నాయి. తుపాకీ పేలింది. గుండు అతని చెవి పక్కనుంచి పోయి గోడలో దిగింది. రెండో గుండు పేలకముందే స్పానర్ ఆమె మణికట్టు మీద పడింది. ఆమెను సర్వర్ ర్యాక్‌కి కట్టడానికి నెట్‌వర్క్ కేబుల్ అక్కడే చుట్టలు చుట్టలుగా ఉంది.

చప్పుడుకి గణేష్‌బాబు పరిగెత్తుకొచ్చాడు. భీమరాజు మెయిన్ పైకి ఎత్తి, ఖాకీ చొక్కా లోపలినుంచి కార్డు తీసి చూపించాడు.

"అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పండి."

"చెబుతానండి. కానీ, ఏం చేస్తారండీ?"

"కౌంటర్ తీసేస్తాను. ఫోటోలు తీసేస్తాను."

గణేష్‌బాబు మొహం పాలిపోయింది. కట్టేసిన మనిషినీ గోడలో గుండునీ చూసినా అంత పాలిపోలేదు. "కౌంటర్ తీసెయ్యండి. ఫోటోలంటే పైవాళ్ళవండీ. నోట్ పెట్టి, అప్రూవల్ తీసుకుని..."

"ధవళేశ్వరంలో ఎంతుంది?"

బయట వైర్‌లెస్ ముందు కూర్చున్న గుమాస్తా అరిచాడు. రెండో హెచ్చరిక మట్టం తాకింది.

గణేష్‌బాబు పాస్‌వర్డ్ చెప్పాడు.

భీమరాజు వేళ్ళు పరిగెత్తాయి. కౌంటర్ పీకాడు. విదేశీ అడ్రస్ మాయమైంది. పాకే అక్షరాలు పోయాయి, సన్నాయి పాట పోయింది, కత్తెర పట్టుకున్న చేతులన్నీ పోయాయి. నీటిమట్టాన్ని పేజీ నెత్తిన పెట్టాడు. ఇంకా ఒక్కటుంది. ఎవరు అడిగినా సర్వర్ ప్రతిసారీ డేటాబేస్‌లోంచి పేజీని మొదట్నుంచీ వండి వడ్డిస్తోంది. డెల్టా అంతా ఒకేసారి అడిగితే కుప్పకూలుతుంది. వండిన పేజీని దాచి ఉంచే కేష్ ఆన్ చేశాడు. ఒకసారి వండిందే అందరికీ వడ్డిస్తుంది, నంబర్ మారితేనే మళ్ళీ పొయ్యి వెలుగుతుంది. పేజీ బరువు పోస్టుకార్డంత అయింది. ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"అప్పాయమ్మగారూ, మళ్ళీ కొట్టండి."

వాన హోరు. ఎవరో గేదెను అదిలిస్తున్నారు. ఏదో చెక్క విరిగిన చప్పుడు.

"అప్పాయమ్మగారూ."

"వచ్చిందండి" అంది. ఆ వెంటనే ఫోన్ పక్కన పెట్టేసి, గొంతు చించుకుని పిలిచింది. ఆమె మావగారు మంచం దిగాడు, పేజీ చూశాడు. ఆఖరి గేదె గట్టెక్కాక పడవ తాడు తెగింది. అప్పటికి లంకలో మనిషి లేడు.

కీర్తిప్రియను జీపెక్కిస్తుంటే గణేష్‌బాబు ఆమెను చూసి దేశద్రోహి అన్నాడు.

ఆమె ఆగి, ఆయన వైపు తిరిగింది. "కౌంటర్ నేను పెట్టాను సార్. ఫోటోలు నేను పెట్టలేదు. అవి లేకపోతే లంకలో పేజీ ఆగింది కౌంటర్ దగ్గరని చినబాబు మొదటి రోజే పట్టేసేవాడు. ఫోటోల బరువే అనుకున్నాడు. ఇక్కడ టక్కున వస్తోందని మీరూ, లైన్లు బాగోవని నేనూ చెబుతుంటే ఆయనకి ఇన్నాళ్ళు పట్టింది."

గణేష్‌బాబు వెనక్కి తిరిగి ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. 

నార్‌డెల్టా ఆ కౌంటర్‌ని ఉచితంగా ఇంకా ఎన్ని ఆఫీసులకు పంచిందో సూర్యావతి ఇప్పుడు వెతుకుతోంది. మీరేం చేస్తున్నారు? సంతాప తీర్మానం రాస్తున్నారు. అది పక్కన పెట్టండి. ఈ పూటే ప్రతి సైటులో ఉచితంగా వచ్చిన ప్రతి కౌంటర్నీ పీకండి. ఫోటోలు దించండి. నంబర్ పైన పెట్టండి. చినబాబు చావును హత్య అని రాయండి. ఇక మీదట సైటు బాగుందని సంతకం పెట్టే ఆఫీసరు, ఆ సంతకం వరద రోజున తాటితోపు లంకలో, అప్పాయమ్మ కియోస్క్‌లో, ఆమె లైన్ మీద పేజీ తెరిచి చూశాకే పెట్టాలి.

పడవ మేం పంపుతాం. గొడుగు మీరే తెచ్చుకోండి.