కాప్రా చెరువులో దిగిన విమానం

శనివారం పొద్దున పదకొండు గంటలకు రెజిమెంటల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు మీదున్న జోగారావు ఆఫీసుకి మేబెల్ టీచర్ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాభై ఏళ్ల మనిషి. కట్టుకున్న చీర మీద ఒక్క ముడత లేదు గాని గదిలోకి వచ్చాక కూడా గొడుగు మూయలేదు. వచ్చినవాళ్లు కుదురుగా కూర్చుంటే తప్ప జోగారావు ప్రశ్నలు మొదలుపెట్టడు. అది ఆయన చాదస్తం. అందుకని ఆయన సహాయకురాలు సీతారత్నం ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది.

"నన్ను దొంగ అంటున్నారండీ," అంది మేబెల్. "నన్ను అంటే పడతాను. మా నాన్నను అబద్ధాలకోరు అంటున్నారు. అది మాత్రం పడలేను."

"మొదటినుంచి చెప్పండి టీచర్ గారూ," అన్నాడు జోగారావు.

ఆమె తండ్రి జకర్యా బేగంపేటలో విమానాల మెకానిక్కు. 1952 ఎండాకాలంలో ఒక టైగర్ మాత్, అంటే రెండు జతల రెక్కల చిన్న శిక్షణ విమానం, ఇంజను మొరాయించి ఎండిపోయిన కాప్రా చెరువులో దిగింది. దిగడంలో ముందున్న చెక్క ప్రొపెల్లర్ ఒక కొస నేలకు తగిలి విరిగింది. జకర్యా సైకిలు మీద వెళ్లాడు. ఇంజను బాగుచేసి, విరిగిన కొసను చదును చేసి, ఆ పక్క ఎంత పోయిందో రెండో పక్క కూడా అంతే రంపంతో కోసేశాడు. తూకం కుదిరింది. విమానం మళ్లీ ఎగిరి బేగంపేట చేరింది.

ఈ ముప్పై నాలుగేళ్లలో ఆ కథకు చాలా ఈకలు మొలిచాయి. ఆ రోజు విమానం నడిపిన పైలట్ కొడుకు రిచర్డ్ ఇప్పుడు బోయిన్‌పల్లిలో పాత విమానాల అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. తన తండ్రే జేబుకత్తితో ప్రొపెల్లర్ చెక్కుకుని ఒంటరిగా ఎగిరి వచ్చాడని ఆయన చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. అందులో జకర్యా పేరు లేదు. ఆనాటి ప్రొపెల్లర్‌ను సంఘం హాలు గోడకు తగిలించారని మేబెల్ చెప్పింది.

"కోసిన ముక్క మా నాన్న ఇంటికి తెచ్చుకున్నాడు," అంటూ మేబెల్ సంచీలోంచి చేతిరుమాలు మూట తీసి విప్పింది. "రేపు బెంగళూరు మ్యూజియం నుంచి జ్ఞానశేఖర్ గారు వస్తున్నారు. ప్రొపెల్లర్ అసలుదని తేలితే పేర్లు రాసి మ్యూజియంలో పెడతారట. నేను ఈ ముక్క తెచ్చి అందరి ముందూ అతికించి చూపిస్తానని పోయిన వారమే సంఘానికి ఉత్తరం రాశాను. ఈ పొద్దున చూస్తే గోడ మీద ప్రొపెల్లర్ లేదు. ముక్క అతకదని తెలిసి నేనే మాయం చేశానంటున్నాడు రిచర్డ్. రేపు సాయంత్రంలోగా తేకపోతే పోలీసు రిపోర్టు ఇస్తాడట."

"హాలు తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి?"

"రిచర్డ్ దగ్గర ఒకటి, సెక్రటరీ దేవకృప అన్నయ్య దగ్గర ఒకటి. కర్టెన్లు మార్చాలని గురువారం నాకూ ఒకటి ఇచ్చారు. తాళం పగల్లేదు."

జోగారావు ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. జానెడు చెక్క. పలచని పొరలు అంటించి చేసింది. అంచున ఇత్తడి రేకు, రేకు చివర సూదిమొనంత రంధ్రాలు మూడు. కొస చెక్కుచెదరలేదు. రెండో వైపు రంపం కోత నున్నగా ఉంది. ఆయన దాన్ని సీతారత్నం చేతిలో పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"ఎక్కడా విరగలేదు సార్."

"అది గుర్తుపెట్టుకో," అన్నాడు జోగారావు.

మధ్యాహ్నానికి ఇద్దరూ బోయిన్‌పల్లి హాల్లో ఉన్నారు. రెండు కిటికీల మధ్య వెలిసిన గోడ మీద మనిషెత్తు నిలువు మచ్చ తెల్లగా కనిపిస్తోంది. మచ్చ పైన ఒక కొక్కెం ఉంది. ఎదుటి గోడకు రెండు కొయ్య మేకుల మీద ఇంకో పాత చెక్క ప్రొపెల్లర్ అడ్డంగా పడుకుని ఉంది.

రిచర్డ్ మంచి వక్త. పోయిన వస్తువు సంగతి వదిలేసి ఆ రోజు కథ ఎత్తుకున్నాడు. ఆయన కథలో ఇంజను మొరాయించలేదు, రాబందు వచ్చి కొట్టింది. ఏటా మే తొమ్మిదో తారీఖున గోడ మీద ప్రొపెల్లర్ తనంతట తానే కదులుతుందని కూడా సెలవిచ్చాడు.

"మీరు చూశారా?" అడిగాడు జోగారావు.

"మా డాడీ చెప్పేవారు. పెద్దవాళ్లు ఊరికే చెప్తారా?"

పక్కనే ఊడుస్తున్న వాచ్‌మన్ రాములు చీపురు ఆపాడు. "కిటికీ తీస్తె గాలికి జెర ఊగుతది సార్. గంతే."

రిచర్డ్‌కి కోపం వచ్చి ఫోను చేసుకోవాలని లోపలికి వెళ్లాడు. జోగారావు రాములుతో మాటల్లో పడ్డాడు.

"పొద్దున ఎవరైనా వచ్చారా?"

"ఎవ్వల్ రాలే సార్. వడ్ల బ్రహ్మచారి బండి ఒక్కటొచ్చింది. విరిగిన బల్లలు రిపేరుకు కొంటవోయిండు. దేవకృప సారే దగ్గరుండి గోనెసంచులు కప్పి కట్టిచ్చిండు."

"దేవకృప గారు మంచివారేనా?"

"మంచోడే. ఒక్క ఇమానం పంఖ కాడనే పరేషాన్ జేస్తడు. మొన్న గోడకు సున్నమేస్తమని ఆ ఎదురుగున్న పంఖ దీసి మూలకు నిలవెట్టిన. ఉరికొచ్చి తిట్టిండు. 'అడ్డం పండవెట్టు, నిలవెడితె తడంత కింది రెక్కకు దిగుతది, తూకం ఖరాబైతది' అన్నడు. గిట్ల పదిసార్లన్న జెప్పిండు."

ఇంతలో దేవకృప వచ్చాడు. అరవై దాటిన సన్నటి మనిషి, ఒకప్పుడు జకర్యా దగ్గర పని నేర్చుకున్నవాడు. మేబెల్ మీద నింద పడిందంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెల్లెమ్మ తీయలేదండీ. రిచర్డ్‌కి నేను నచ్చజెప్తాను. పోయింది ఎలాగూ పోయింది, ఇంతటితో వదిలేస్తే అందరికీ మంచిది," అన్నాడు.

తిరిగి ఆటో ఎక్కాక సీతారత్నం ఉండబట్టలేకపోయింది. "రిచర్డే సార్. ముక్క అతికితే వాళ్ల నాన్న పుస్తకం చిత్తుకాగితం అయిపోతుంది. ఆయనదంతా పుక్కిటి పురాణం."

"పురాణమే. దానికి రుజువు అక్కర్లేదు, నమ్మేవాళ్లుంటే చాలు. రాబందూ, తనంతట తాను కదిలే ప్రొపెల్లరూ ఆ కోవలోవి. జకర్యాది ఐతిహ్యం అమ్మాయ్. చిలవలు పలవలు ఎన్నున్నా, అడుగున ఒక ఊరు, ఒక తారీఖు, పని చేసిన ఒక మనిషి ఉండి తీరాలి. అవి ఉన్నాయో లేవో వెతకొచ్చు. రిచర్డ్ వెతికే రకం కాదు. తన కథ మీద ఆయనకు అణుమాత్రం అనుమానం లేదు. అనుమానం లేనివాడు పరీక్షకు భయపడి వస్తువు ఎందుకు దాస్తాడు?"

ఆయన బుర్ర ఎలా పనిచేస్తుందో అని సీతారత్నం ఎప్పటిలాగే ఆశ్చర్యపోయింది. ఆటో నేరుగా బ్రహ్మచారి వడ్రంగి కొట్టు ముందు ఆగింది. జోగారావు ఒక్కడే లోపలికి వెళ్లి పావుగంటలో వచ్చాడు. ఏమైందని అడిగితే టీ తాగుదామన్నాడు.

ఆదివారం చర్చి ఆరాధన ముగిశాక అందరూ హాల్లో చేరారు. బెంగళూరు నుంచి వచ్చిన జ్ఞానశేఖర్ బల్ల దగ్గర కూర్చున్నాడు. మేబెల్ చివరి వరసలో కూర్చుంది. జోగారావు పిలవగానే బ్రహ్మచారి గోనె చుట్టిన పొడుగాటి వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోనె విప్పితే ప్రొపెల్లర్.

"దీన్ని బల్లల కింద పెట్టి పంపింది దేవకృప గారు," అన్నాడు జోగారావు నెమ్మదిగా. రిచర్డ్ లేవబోతే చేత్తో ఆపాడు. "చెక్క ప్రొపెల్లర్‌ను నిలువుగా ఉంచకూడదు. విమానాల దగ్గర పనిచేసిన ప్రతివాడికీ అది ఒంటబట్టిన అలవాటు. ఎదుటి గోడ మీదున్న ప్రొపెల్లర్‌ను ఒక్క పూట మూలకు నిలబెట్టినందుకు దేవకృప గారు రాములును తిట్టారు. మరి సంఘం మొత్తానికి ప్రాణం లాంటి ఈ ప్రొపెల్లర్‌ను అదే మనిషి పద్దెనిమిదేళ్లు నిలువునా వేలాడదీశారు. ఎందుకు? దీని తూకం చెడినా ఫరవాలేదని ఆయనకు తెలుసు కాబట్టి. ఇది ఎన్నడూ ఎగరలేదు."

"టేకు సార్," అన్నాడు బ్రహ్మచారి తల వంచుకుని. "నేనే జేసిన, అరవై ఎనిమిదిల. దేవకృప సార్ పాత ఫోటో ఇచ్చిండు, అది జూసి చెక్కిన. సూడనీకే అని జెప్పిండు."

జ్ఞానశేఖర్ వంగి చూసి అవునన్నట్టు తలూపాడు.

దేవకృప నిలబడ్డాడు. "ఆ ఏడు వానల్లో అసలుది నా కాపలాలో ఉంది. తొందరలో నేనే గోదాము గోడకు నిలబెట్టి మరిచిపోయాను. రెండు నెలల తరవాత చూస్తే చెదలు డొల్ల చేసేశాయి. జకర్యా మేస్త్రి అప్పటికే మంచంలో ఉన్నారు. వెళ్లినప్పుడల్లా 'మన పంఖా బాగుందిరా?' అని అడిగేవారు. బాగుంది మేస్త్రీ అనేవాణ్ని. ఆయన పోయాక దీన్ని చేయించి తగిలించాను. చెల్లెమ్మ అందరి ముందూ ముక్క పెడితే అది అతకదు. అప్పుడు మేస్త్రినే అబద్ధాలకోరంటారు. అసలు వస్తువే కనిపించకపోతే ఆ మాట రాదనుకున్నాను. నింద ఆమె మీద పడుతుందని అనుకోలేదు. పడ్డాక, నిజం చెప్పే ధైర్యం లేకపోయింది."

"అంటే కథ మొత్తం ఉత్తదేగా," అన్నాడు రిచర్డ్. "మా డాడీదీ ఉత్తదే, మెకానిక్కుదీ ఉత్తదే."

"ప్రొపెల్లర్ ఉత్తది," అన్నాడు జోగారావు. "టీచర్ గారూ, మీ ముక్క ఒకసారి ఇవ్వండి."

జ్ఞానశేఖర్ ఆ ముక్కను భూతద్దం కింద చాలాసేపు తిప్పి చూశాడు. "ఇది విమానానిదే. తడి బయటికి పోవడానికి రేకు చివర ఈ రంధ్రాలు పెడతారు. చూపుకోసం చేసేవాళ్లకు ఇవి తెలియవు."

"కొస విరిగిందా?"

"లేదు. మంచి కొసే. రంపంతో కోశారు."

"జేబుకత్తితో ఇలా కోయగలమా?"

"వీలుకాదు. పొరలు లేచిపోతాయి."

జోగారావు రిచర్డ్ వైపు తిరిగాడు. "బాగున్న ప్రొపెల్లర్ కొసను మతి ఉన్న మెకానిక్కు ఎవడైనా కోస్తాడా? కోశాడంటే ఒకటే కారణం. అవతలి కొస అప్పటికే విరిగింది. తూకం కోసం ఇది కోశాడు. మీ నాన్నగారు విమానం ఎగరేసి తెచ్చిన మాట నిజం. ఎగిరేలా చేసింది జకర్యా. మీ పుస్తకంలో ఆ ఒక్క మనిషే తప్పిపోయాడు."

రిచర్డ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. తరవాత మేబెల్ దగ్గరికి వెళ్లి, "పుస్తకం మళ్లీ వేయిస్తాను టీచర్. మీరు చెప్పండి, నేను రాసుకుంటాను," అన్నాడు. ముక్కను మ్యూజియంకి ఇస్తే జకర్యా పేరుతోనే పెడతామని జ్ఞానశేఖర్ అన్నాడు. మేబెల్ ఇద్దరికీ తల ఊపింది గాని ఆమె చూపు దేవకృప మీదే ఉంది.

ఆయన దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "క్షమించు చెల్లెమ్మా. మేస్త్రి పరువు కోసమే చేశాను."

మేబెల్ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. ఆమెకు కోపం లేదు.

"చెదలు తినేశాయని చెప్పి ఉంటే ఒక రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని అన్నయ్యా. వాళ్లంతా అన్నారంటే అన్నారు. ముక్క ముందు పెట్టుకుని నిన్నంతా నేను కూడా అనుకున్నాను, నాన్న నాతో అబద్ధం చెప్పాడేమోనని."

ఆమె కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది.