చివరి రాయి పెట్టేముందు

సముద్రానికి ఆనుకుని ఉన్న ఆ పాతకోట గోడలు బాగుచేసే పనిలో మేస్త్రీ, అతని తమ్ముడూ నెలరోజులుగా ఉన్నారు. కోట అడుగున, మెట్లు దిగితే ఒక గది. పోటు వచ్చినప్పుడల్లా నేల పగుళ్లలోంచి అందులోకి నీళ్లు ఎక్కుతాయి. ఆరువందల ఏళ్ల కిందట శత్రువుల ఓడలు కనబడగానే దొర ఆ గది ద్వారాన్ని రాళ్లతో మూయించేశాడట. లోపల నలభైమంది కాపలావాళ్లున్నారని తెలిసి కూడా! అందుకే అక్కడ పనిచేసేవాళ్లకో పద్ధతుంది. చివరి రాయి పెట్టేముందు లోపలికి తలపెట్టి, "ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలవాలి.

ఆ మధ్యాహ్నం, కూలిన ఆ గది ద్వారాన్ని మళ్లీ మూస్తున్న మేస్త్రీ పిలవలేదు. పోటు తరుముకొస్తోంది, కలిపిన సున్నం గట్టిపడిపోతోంది. లోపల ఆసరా కర్రలు తీస్తున్న తమ్ముడు ఎప్పుడో పైకెళ్లిపోయాడనే అనుకున్నాడు. రాయి పెట్టేసి చేతులు కడుక్కుంటుంటే వినబడింది.

టక్... టక్...

"అన్నా!"

మేస్త్రీ గోడకి చెవి ఆనించాడు. "ఒరేయ్, నువ్వింకా లోపలే ఉన్నావా?"

"నీళ్లు నడుము దాకా వచ్చేశాయన్నా..."

ఓరి దేవుడా, ఎంత పని చేశాను! నిండు చూలాలు, ఆ మరదలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? సుత్తి అందుకుని పిచ్చిపట్టినవాడిలా బాదాడు. పచ్చి సున్నాన్ని గోళ్లతో పెకలించాడు. రాయి ఊడింది. చీకట్లోంచి కుళ్లిన నాచు వాసన... ఒక చెయ్యి. రెండు చేతులా పట్టుకుని లాగాడు. తమ్ముడు బయటపడ్డాడు. మేస్త్రీ వాణ్ణి కావలించుకుని భోరుమన్నాడు.

"తప్పయిపోయిందిరా. నా బుద్ధి గడ్డితింది."

అప్పుడు కన్నంలోంచి మళ్లీ...

"అన్నా... ఎవర్ని లాగావు?"

తమ్ముడి గొంతే. దగ్గుతూ, నీళ్లు మింగుతూ. "నేనింకా ఇక్కడే ఉన్నాను... చెయ్యివ్వన్నా..."

మేస్త్రీ కన్నం వైపు దూకబోయాడు. మణికట్టు మీద పట్టు బిగిసింది. గుంజుకున్నాడు. కొరికాడు. కాళ్లావేళ్లా పడ్డాడు. "నీకు పుణ్యముంటుంది, వదులు... వాడు చచ్చిపోతాడు..." పట్టు సడల్లేదు. కన్నంలోంచి నీళ్లు పొర్లి మెట్ల మీదికి వచ్చాయి. లోపలి పిలుపు ఆగిపోయింది.

పక్కనున్నవాడు మెల్లగా, ఎంతో ప్రేమగా అన్నాడు.

"ఇంటికి పోదాం పదన్నా. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

అమ్మ పోయి మూడేళ్లయింది.