కుసుమ పేరు మీద ముక్క

"అమ్మా జాహ్నవీ, ముక్క దాటిపోతోంది!"

నరసరావుపేట బస్టాండు పక్క టీకొట్టులో అన్నాడు అబ్దుల్ హమీద్. చూస్తే లుంగీల వ్యాపారి. నిజానికి సీక్రెట్ సర్వీసు చీఫ్.

"ఏం ముక్క సార్?"

"క్యాన్సర్ గడ్డలోంచి తీసి మైనంలో దాచింది. గోరంత ఉంటది. అందులో జీన్లు చూస్తే ఏ మందు పట్టుద్దో, రోగం ఎంత జోరుగా పోద్దో తెలుస్తది. ఓ విదేశీ ముఠా వాటిని ల్యాబుల్లోంచి ఎత్తుకుపోయి డేటా అమ్ముకుంటోంది. కొరియర్ నీలిమ."

"మన ఏజెంట్ నీలిమా?"

"ఇప్పుడు వాళ్ళ మనిషి కూడా. దొంగపేర్లతో ఇచ్చిన ముక్కలే ఏరుకుంటది. ఎవరూ వచ్చి అడగరుగా! ఇవాళ్టిది కుసుమ, క్రోసూరు. పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది. ఉన్న ముక్క ఇదొక్కటే. మళ్ళీ తీయించుకునే ఓపిక లేదంట ఆమెకి."

జాహ్నవి తాగుతున్న టీ బల్ల మీద పెట్టేసింది.

పెట్టదా మరి! కుసుమ పిన్ని పక్కింట్లో గుండ్రాయిలా ఉంది. జబ్బు జాహ్నవి తల్లి ఆదిలక్ష్మమ్మది. ఏడాదిపాటు రక్తం పడుతున్నా మొలలేలెమ్మని దాచిపెట్టిందా తల్లి. కింద జబ్బాయె, ఎవరితో చెప్పుకుంటది? తీరా ల్యాబులో పేరడిగితే, ఎవరన్నా వింటారని కూతురి చెయ్యి నొక్కింది. కూతురు నోటికొచ్చిన పేరు చెప్పేసింది. దేశదేశాల్లో మారుపేర్లతో తిరిగిన పిల్లే, ఆ ఒక్క అబద్ధానికీ ఒళ్ళు చచ్చిపోయింది. ఇప్పుడు చీఫ్‌తో కూడా చెప్పకుండానే నీలిమని పట్టుకోడానికి బయల్దేరింది.

మాచర్ల అవతల చెక్‌పోస్టు. ముంజెలమ్మే వేషంలో జాహ్నవి, కొంగు కింద ఇయర్‌పీస్. తెల్లకారు ఆగింది. లోపల పట్టుచీరా, నల్లకళ్ళద్దాలూ, నీలిమ! ఒళ్ళో డబ్బా. దాని మీద 'మల పరీక్ష' అని స్టిక్కరు.

కానిస్టేబుల్ షౌకత్ ముక్కు మూసుకుని వెనక్కి తగ్గాడు.

జాహ్నవి తన సర్వీసు కార్డు చూపించింది. "డబ్బా తెరిపించండి. అందులో దొంగసొత్తుంది."

"మా అమ్మది సార్, నలుగురిలో తెరిపిస్తారా?" అని నవ్వింది నీలిమ. "ఏమే జాహ్నవీ, దొంగసొత్తయితే సొంతదార్లేరీ?"

"మేడమ్, పేషెంటు తాలూకు మనిషి కంప్లైంటిస్తేనే ఆపగలను," అన్నాడు షౌకత్.

వెనకున్న బస్సు నిండా జనం. కిటికీల్లో తన ఊరు క్రోసూరు మొహాలు. గేటు కర్ర పైకి లేచింది. కారు కదిలింది.

"మాది!" కారుకి అడ్డం పడి అరిచింది జాహ్నవి. "మా అమ్మది! పెద్దపేగు క్యాన్సర్! పేరు కుసుమ కాదు, ఆదిలక్ష్మమ్మ. సిగ్గుపడి నేనే మార్చి చెప్పా!"

బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. కర్ర కిందికి దిగింది. డబ్బాలో మైనపు ముక్క దొరికింది, నీలిమ ఫోన్‌లో ముఠా మొత్తం దొరికింది. జాహ్నవి తలెత్తలేకపోయింది.

షౌకత్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా... మా అమ్మీకీ రక్తం పడుతోంది, మొలలే అంటది. ఏ డాక్టరు?"

ముక్కని పరీక్షకి పంపారు. రాస్, బీరాఫ్ అనే జీన్లు మారలేదంట. "అవి మారనివాళ్ళకిచ్చే ఇంజెక్షన్ పనిచేసే అవకాశముంది. నయమైపోద్దని చెప్పను, కాలం మాత్రం కలిసొస్తది," అన్నాడు డాక్టరు.

ఆ కబురు చెప్పడానికి తల్లికి ఫోన్ చేసింది జాహ్నవి.

"బస్సు ముందు అరిచావంటగా, సిగ్గులేనిదానా," అంది ఆదిలక్ష్మమ్మ. "సర్లే. నాది గ్యాస్ ట్రబులేనని నమ్మి, అది తగ్గాలని ఆ పిచ్చి కుసుమ శనివారాలు ఉపవాసముంటందే. రోగం దాని పేరున రాయించావని నువ్వే వచ్చి చెప్పుకో."

ఎక్కడన్నా దూరదేశంలో ముఠా ఇంకోటి ఉందేమో చూడమని అప్పుడే చీఫ్‌కి మెసేజ్ పెట్టింది జాహ్నవి.