నూట పన్నెండు ఓట్లు

మంచు మీద కారు జారింది...

కొండల్ రావు స్టీరింగ్ తిప్పి మళ్ళీ దారిలో పెట్టాడు.

"ఏమండీ, ఆ బ్రౌన్ కార్ ఇంకా వెనకాలే ఉంది," అంది పక్క సీట్లో ఉష.

"చూశాను."

నోవై ఊరు దాటినప్పటి నుంచీ అదే కారు.

1980 ఫిబ్రవరి. సాయంత్రం నాలుగైంది. ఐదింటికల్లా డెట్రాయిట్‌లో పేపర్ ఆఫీసుకి చేరాలి. తెల్లవారుజాము షిఫ్ట్ చేసొచ్చిన కొండల్ రావుకి కళ్ళు మూతలు పడుతున్నాయి.

వెనక సీట్లో రమోన్. ఫిలిప్పీన్స్‌లో బడిపంతులు. ఉషతో పనిచేసే నర్సుకి అన్న. మార్షల్ లా కింద మొన్న జనవరిలో జరిగిన గవర్నర్ ఎన్నికలో తన టౌన్, చుట్టుపక్కల ఊళ్ళ ఓట్లు లెక్కపెట్టింది ఆయనే. గెలిచినవాణ్ణి ఓడిపోయాడని ప్రకటించి, ఓడినవాణ్ణి గవర్నర్ని చేశారు.

పేపర్లో వేయించడానికి తెచ్చిన అసలు లెక్క ఆయన కోటు జేబులో ఉంది.

"నన్నిక్కడే దింపెయ్, మిస్టర్ రావ్. నీకెందుకీ గొడవ?"

"ఊరుకోండి, సర్. ఎమర్జెన్సీలో నేను వరంగల్‌లో ఉన్నాను. నోరు మూసుకుని కూర్చున్నాను. ఒకసారి చాలు."

ముందు ఎర్ర లైటు.

బ్రేక్ తొక్కాడు... చక్రాలు పట్టలేదు. కారు గిర్రున తిరిగి రోడ్డు పక్క మంచులో కూరుకుపోయింది.

బ్రౌన్ కారు వచ్చి ఆగింది. దిగినవాడి చేతిలో పిస్టల్.

ఉష భర్త చెయ్యి పట్టుకుంది.

రమోన్ అద్దం దించాడు. "నెస్టర్," అన్నాడు, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో. "నా దగ్గర చదువుకున్నావు. గవర్నర్ నిన్నే పంపాడా?"

"కాగితం ఇవ్వండి, సర్."

రమోన్ ఇచ్చేశాడు. అలిసిపోయిన మనిషి ఇచ్చినట్టే ఇచ్చాడు.

నెస్టర్ మడత విప్పాడు. వేలు వరసల మీదుగా కిందికి జారి ఒకచోట ఆగింది.

"మా ఊరు... నూట పన్నెండా?"

"అవును. రేడియోలో సున్నా అన్నారు."

"మా అమ్మ ఆ ఓడిపోయాడన్నాయనకే వేశానంది." వాడి గొంతు తగ్గింది. "సున్నా వచ్చిందిగా, అబద్ధమని తిట్టాను."

వైపర్లు కొట్టుకుంటున్నాయి.

నెస్టర్ కాగితం మడిచాడు. పిస్టల్ ఎత్తాడు.

కొండల్ రావు ఉష తల కిందికి వంచాడు...

ఢాం!

కళ్ళు తెరిచాడు. అద్దాలు పగల్లేదు. ఉష ఊపిరి వినిపిస్తోంది. రమోన్ కూర్చునే ఉన్నాడు.

బ్రౌన్ కారు ముందు టైరు కుంగిపోతోంది.

"టైరు పేలి అందుకోలేకపోయానని చెప్తాను." నెస్టర్ కిటికీలోంచి కాగితం అందించాడు. పిస్టల్ జేబులో పెట్టుకుని, వెనక్కి నడిచి వాళ్ళ కారు డిక్కీకి రెండు చేతులూ ఆనించాడు.

"స్టార్ట్ చెయ్యండి. నెడతాను."